జల్లెడలో కురిసిన వాన

పోయిన వారం చప్పుళ్లమ్మని రేడియో ముందు కూర్చోబెట్టి, చేతిలో టీ గ్లాసుతో అలాగే వదిలేసి వచ్చాం. గ్లాసు నోటికి జానెడు దూరంలో ఉంది. ఆవిడ ఆ టీ తాగిందా లేదా అని అడిగిన పాఠకులకి జవాబు: తాగలేదు. టీ చల్లారి, పైన తెట్టు కట్టాక, కోడలే ఆ గ్లాసు ఆవిడ చేతిలోంచి తీసి కిటికీలో పెట్టింది.

ఆ గురువారం సాయంత్రం "మీ ఇంటి వీరుడు" కార్యక్రమంలో, రెండు సినిమా పాటల మధ్య, ఆవిడ కొడుకు గొంతు వచ్చింది. ఐదు నెలల కిందట యుద్ధానికి వెళ్లిన కొడుకు. ఉన్నది ఒక్కడే. "అమ్మా, నేను బాగున్నాను. ఇక్కడ వాన. గుడారం మీద దబదబా కురుస్తోంది. అయినా వెచ్చగానే ఉన్నాం, దిగులు పెట్టుకోకు" అన్నాడు. అతని వెనక నిజంగానే వాన పడుతోంది. వీధి వీధంతా విన్నారు. ఆ వానలో ఉండుండి 'టిక్'మని చిన్న చప్పుడు కూడా వచ్చింది. దాన్ని విన్నది తనొక్కతేనని చప్పుళ్లమ్మ అనుకుంది.

వినగానే ఆవిడకి తెలిసిపోయింది. ఆ వాన మబ్బుల్లోంచి పడింది కాదు, ఆవిడ చేతుల్లోంచి పడింది.

కోడలు మాత్రం పాట మళ్లీ మొదలవకముందే లేచింది. ఎనిమిదో నెల, లేవాలంటే బల్ల అంచు పట్టుకోవాలి. "అత్తయ్యా, తడిసిపోతున్నారు పాపం" అంటూ భోజనాల బల్ల మీది మైనపు గుడ్డని సర్రున లాగి కత్తెర అందుకుంది. వానకోటు కుట్టి పార్శిల్ చేస్తుందట. అత్తగారు ఆ పిల్ల ముఖంలోకి చూసింది, నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. అక్కడిదాకా మీకు తెలుసు.

ఆవిడ ఉద్యోగం సంగతి మాత్రం మరోసారి చెప్పుకోవాలి, లేకపోతే ఆ 'టిక్' విలువ తెలియదు. రేడియో స్టేషన్లో ఇరవై ఆరేళ్లుగా నాటకాలకి చప్పుళ్లు చేసేది ఆవిడే. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పలకదు. గోనెపట్టా మీద రెండు గడ్డి బ్రష్షులు ఒకదాని వెనక ఒకటి లాగితే సముద్రం. పల్చటి కాగితం నలిపితే మంట. పాత తలుపు ఒకటి చట్రంతో సహా గదిలోనే ఉంది. కోపంగా వెళ్లే మొగుడికీ బతిమాలుకుంటూ వచ్చే మొగుడికీ అదే తలుపు, వేసే తీరు వేరు. ఇక వాన అంటే, అడుగున దళసరి కాగితం అతికించిన పెద్ద జల్లెడలో ఎండు బఠాణీలు పోసి నెమ్మదిగా తిప్పడం.

ఆ జల్లెడలో బఠాణీలతోపాటు ఒక ఇత్తడి బొత్తాం ఉంది. అబ్బాయి ఏడేళ్లప్పుడు బడి నుంచి నేరుగా స్టేషనుకొచ్చి, అమ్మ పక్కన నిలబడి తనూ జల్లెడ తిప్పుతానని మారాం చేశాడు. ఆ లాగులాటలో చొక్కాకున్న మూడో బొత్తాం ఊడి అందులో పడింది. తీసేద్దామనుకుంటూనే ఒకసారి తిప్పి చూసింది. బఠాణీలు జలజల్లాడాక బొత్తాం ఆలస్యంగా దొర్లి అంచుకి తగిలి టిక్కుమంది. వాన వెలిశాక చూరు నుంచి రాలే ఆఖరి చుక్కలాగే ఉంది. ముచ్చటపడి ఉంచేసింది. పోయినేడు ఆఫీసు వాళ్లు కొత్త జల్లెడ కొనిచ్చాక పాతది పై అరలోకి వెళ్లిపోయింది.

మూడు వారాల కిందట, స్టేషన్లో టేపులు చూసుకునే పెద్దాయన వచ్చి, "చెల్లెమ్మా, పాత నాటకం ఒకటి మళ్లీ వేస్తున్నారు, ఆ పాత జల్లెడతోనే పది నిమిషాల వాన కావాలి" అన్నాడు. కిందికి దించి దుమ్ము దులిపి చేసిచ్చింది. ఏ నాటకమని అడగనే లేదు. ఇరవై ఆరేళ్లుగా ఆయన అడిగిందల్లా చేసిచ్చింది మరి.

శుక్రవారం పొద్దున్న ఆవిడ స్టేషనుకి అరగంట ముందే చేరింది. రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుని లెక్కలేనన్ని మాటలు కూర్చుకుంది. ముఖాన అడగాలని కొన్ని, గల్లా పట్టుకుని అడగాలని కొన్ని. తీరా వరండా చివరి గదిలో, మెషీన్ల మధ్య వీపు తిప్పి కూర్చున్న పెద్దాయన్ని చూసేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. ఒక కమ్మి విరిగిన కళ్లద్దాలు, దానికి కట్టిన నల్ల దారం, మెడ మీద నెరిసిన జుట్టు. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. ఆవిడ మొగుడు పోయిన ఏడాది, బడి సెలవులన్నీ ఆవిడ కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని టేపులు చుట్టడం నేర్పిన మనిషి.

ఆవిడ వెనుదిరిగింది. తన గదిలోకి వెళ్లి పై అర మీంచి పాత జల్లెడ తెచ్చి, ఆయన వెనక నిలబడి తిప్పడం మొదలుపెట్టింది.

జల్లు మొదలైంది. జోరందుకుంది. టిక్.

పెద్దాయన వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం దిగిపోయాయి. చేతిలో ఉన్న టేపు ముక్కని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "విన్నావన్నమాట" అన్నాడు.

"విన్నాను అన్నయ్యా. ఇది నేను ఏ నాటకానికి చేశాను?"

ఆయన కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు. అంతసేపూ ఆవిడ జల్లెడ తిప్పుతూనే ఉంది.

"ఆపమ్మా. నాటకం లేదు."

"మరి?"

"కూర్చో, చెప్తాను. నిలబడి వినే మాట కాదు."

ఆవిడ కూర్చోలేదు. తలుపు వేసి, దానికి ఆనుకుని నిలబడింది. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. మనకి అర్థమయ్యేలా చెప్పుకోవాలంటే సంగతి ఇది.

యుద్ధభూమి నుంచి గొంతులు తేవడం జరిగే పని కాదని సమాచార శాఖ వాళ్లకి మొదటి వారంలోనే తెలిసిపోయింది. కానీ పాటల మధ్య కొడుకు గొంతు వినిపిస్తే ఊళ్లు ప్రశాంతంగా ఉంటాయనీ, రేడియో పెట్టని ఇల్లే ఉండదనీ, మిగతా పిల్లలు కూడా తమంతట తాము వచ్చి సైన్యంలో పేరిస్తారనీ వాళ్ల లెక్క. అందుకని పిల్లలు రైలెక్కకముందే, శిక్షణ శిబిరంలోనే, పెద్దాయన చేత అన్నీ రికార్డు చేయించేశారు. ఒక్కొక్కడి చేతికీ తొమ్మిది అట్టముక్కలు. 'వాన' అని ఒకటి, 'చలి' అని ఒకటి, 'తిండి బాగుంది', 'జ్వరం తగ్గింది', 'గెలుపు దగ్గరపడింది'. గోడలకి దుప్పట్లు కట్టిన గది, బయట మండుటెండ. పిల్లలు చెమటలు కక్కుకుంటూ, "ఇక్కడ మంచు పడుతోందమ్మా" అని చదివారట. ఒకడికి నవ్వాగకపోతే ఐదుసార్లు చదివించారట.

"తర్వాత నేను ఇక్కడ కూర్చుని వాటి వెనక నీ గాలి, నీ వాన, నీ సముద్రం కలుపుతాను. వారానికి పదిమందివి వెళ్తాయి" అన్నాడు పెద్దాయన.

చప్పుళ్లమ్మకి తల కొట్టేసినట్టయింది. యుద్ధం మొదలైనప్పట్నుంచీ నాటకాలతోపాటు సమాచార శాఖ నుంచి చీటీలు కూడా వస్తున్నాయి. శత్రువు నడిస్తే తెగిన చెప్పు ఈడ్చినట్టుండాలి, మనవాడు నడిస్తే కొత్త బూటు మోగాలి. వాళ్ల తుపాకీ తుస్సుమనాలి. ఆదివారం హాస్య నాటికలో శత్రువుల కెప్టెను ప్రతివారం నూతిలో పడతాడు. ఆ పడడానికి ఖాళీ నూనెడబ్బా దొర్లించాలన్న ఆలోచన ఆవిడదే. వీధిలో పిల్లలు డబ్బాలు తన్నుకుంటూ అదే ఆట ఆడతారు. మెచ్చుకుంటూ పైనుంచి ఉత్తరం వస్తే, దాన్ని కోడలికి రెండుసార్లు చదివి వినిపించింది కూడా. ఆ కెప్టెనుకీ ఒక తల్లి ఉంటుందని డబ్బా దొర్లిస్తున్నప్పుడు ఆవిడకి ఒక్కసారీ తట్టలేదు. ఇప్పుడు తట్టింది.

అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. ఆవిడ దాన్ని నోటిదాకా తెచ్చుకోడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది.

"నిన్న మాట్లాడింది ఐదు నెలల కిందటి నా కొడుకు. మరి ఇవాళ్టి నా కొడుకు? బతికే ఉన్నాడా అన్నయ్యా?"

"తెలీదమ్మా."

"నా మొహం చూసి చెప్పండి."

ఆయన చూశాడు. "ఒట్టు, తెలీదు. ఎవరైనా పోతే నాకు ఎర్ర చీటీ వస్తుంది, ఆ పేరు రీళ్లు పక్కన పెట్టమని. మనవాడి చీటీ రాలేదు. ఇవాళ పొద్దున్న కూడా చూశాను. రోజూ వస్తూనే ముందు అదే చూస్తాను."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. కానీ ఇరవై ఆరేళ్లు చెవులతో బతికిన మనిషి. ఆయన గొంతులో ఆ మాట చివర ఏదో మిగిలిపోయిందని పసిగట్టేసింది.

"ఇంకా ఉంది. చెప్పండి."

"చీటీలు ఆలస్యంగా వస్తాయి" అన్నాడాయన నేలని చూస్తూ. "ఒక్కోసారి మూడు వారాలు. వచ్చాక కూడా, ఇంటికి ఉత్తరం చేరేదాకా గొంతు ఆపొద్దని మొన్నే ఆర్డరొచ్చింది. ఉన్నట్టుండి ఆపేస్తే జనం కనిపెడతారట. మీ వీధి మొదట్లో ఉండే దర్జీ ఆవిడ..."

"ఆవిడకేం?"

"ఆవిడ కొడుకు చీటీ వచ్చి పదకొండు రోజులైంది. వచ్చే గురువారం మళ్లీ వాడి గొంతు ఉంది. ఇవాళ నీ చేత సముద్రం చేయించమన్నారు."

గదిలో మెషీను ఒకటి ఖాళీగా తిరుగుతోంది. పెద్దాయన చెయ్యి చాచి ఆపేశాడు.

కిందటి వారం శుక్రవారం పాల క్యూలో ఆ దర్జీ ఆవిడ ఎంత మురిసిపోయిందో చప్పుళ్లమ్మకి గుర్తొచ్చింది. "మావాణ్ని సముద్రం ఒడ్డున వేశారమ్మా, అలలు నా చెవుల్తో విన్నాను. చిన్నప్పట్నుంచీ సముద్రం చూడాలని వాడికి ఎంత కోరికో" అంది. "అదృష్టవంతుడు" అని చప్పుళ్లమ్మే జవాబు చెప్పింది. తన బ్రష్షుల్నీ తన గోనెపట్టానీ తనే గుర్తుపట్టలేకపోయింది. అలలకి బొత్తాం లేదుగా.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది. గొంతులో కోపం ఉందో ఏడుపు ఉందో ఆవిడకే తెలియలేదు.

"ప్రమాణం చేయించారమ్మా. సంతకం పెట్టాను. నోరు విప్పితే ఉద్యోగమే కాదు, జైలు." ఆయన కళ్లద్దాల దారం సర్దుకున్నాడు. "అది ఒక్కటే అని అబద్ధం చెప్పను. గురువారం గొంతు విన్న ఇంట్లో ఆ రాత్రి నిద్రపోతారు చెల్లెమ్మా. నువ్వూ ఒక రాత్రి నిద్రపోతే బాగుండుననిపించింది."

"మరి ఈ జల్లెడే ఎందుకు తీయించారు? కొత్తదానితో చేయించి ఉంటే నాకు తెలిసేదే కాదు. నేనూ నిద్రపోయేదాన్ని."

ఈసారి ఆయన నవ్వాడు. తడి నవ్వు. "అది నా తెలివి కాదు" అని లేచి, బీరువా అడుగు అరలోంచి పేరు లేని రీలొకటి తీసి మెషీనుకి ఎక్కించాడు. "ఇది వెనక ఏమీ కలపనిది. శిబిరంలో తీసినది తీసినట్టే. విను."

రీలు తిరిగింది. ముందు ఉత్త గది చప్పుడే. ఎక్కడో దూరంగా ఎవరో తలుపు వేశారు. తర్వాత, ఏ వానా లేకుండా, పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టు ఆవిడ కొడుకు.

"మామయ్యా, మైకు మరీ దగ్గరగా పెట్టారు. అమ్మయితే జానెడు వెనక్కి జరపమంటుంది."

చప్పుళ్లమ్మ నోటికి పైట అడ్డం పెట్టుకుంది. నిజమే, జరపమంటుంది.

టేపులో కుర్చీ కిర్రుమంది. నిన్న ఊరంతా విన్న మాటలే అబ్బాయి చదివాడు. గుడారం, వాన, వెచ్చదనం. చదివి, కాగితం పక్కన పెట్టిన చప్పుడు.

"మామయ్యా, దీని వెనక వాన ఎవరు చేస్తారు?"

"ఇంకెవర్రా, మీ అమ్మే. నాటకానికని చెప్పి కొత్త జల్లెడతో చేయిస్తాను."

"కొత్తది వద్దు. పాతదానితో చేయించండి."

"పిచ్చోడా, అది వింటే మీ అమ్మ ఇట్టే పట్టేస్తుంది."

"పట్టెయ్యాలి." టేపులో కుర్చీ మళ్లీ కిర్రుమంది. "మా ఆవిడ నమ్మాలి మామయ్యా. పురుడయ్యేదాకా తను నమ్మి, కడుపునిండా తిని, నిద్రపోవాలి. అమ్మకి మాత్రం నేను అబద్ధం చెప్పలేను. చిన్నప్పట్నుంచీ చెప్పిన ప్రతిసారీ దొరికిపోయాను. ఇప్పుడు రేడియోలో చెప్పి దొరక్కుండా పోతానా? అమ్మకి తెలిస్తే తను ఇంట్లో ఒంటరిది కాదు. అమ్మ చూసుకుంటుంది."

పెద్దాయన మీట నొక్కి ఆపాడు. చప్పుళ్లమ్మ తలుపుకి ఆనుకునే కిందికి జారి కూర్చుండిపోయింది. ఏడ్చింది. బాగా ఏడ్చింది. ఆ ఏడుపులో భయం ఉంది, కానీ చెప్పుకోకూడనంత గర్వం కూడా ఉంది. తన కడుపున పుట్టినవాడు, అంత పెద్ద ప్రభుత్వం కళ్లుగప్పి, ఒక చొక్కా బొత్తాంతో అమ్మకి నిజం చేరవేశాడు.

పెద్దాయన మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. మోకాళ్లు కటకటలాడాయి. ఇద్దరూ తమ వయసు మర్చిపోయి, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా పక్కపక్కన కూర్చున్నారు.

"మీ మీద కోపం రావాలి అన్నయ్యా. రావట్లేదు. రేపొస్తుందేమో."

"రానీ. రేపు కూడా ఇక్కడే ఉంటాను."

ఆవిడ ముక్కు తుడుచుకుని నీళ్లు తాగింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి, అరచేతిలో ఇమిడే చిన్న రీలు తీశాడు. దాని మీద పేరూ లేదు, నంబరూ లేదు.

"అందరికీ తొమ్మిది. వీడికి పది. దీనికి అట్టముక్క లేదు. నన్ను గదిలోంచి బయటికి పొమ్మని, తనే మీట నొక్కుకుని మాట్లాడాడు. నేను వినలేదు. అమ్మ తనంతట తాను వచ్చి అడిగితేనే ఇవ్వమన్నాడు. అడక్కపోతే కాల్చేయమన్నాడు."

ఆవిడ రీలుని రెండు చేతులా అందుకుంది. ఇక్కడ, ఈ గోడల మధ్య వినలేనంది. ఆయన మారుమాట్లాడకుండా, బయటి రికార్డింగులకి తీసుకెళ్లే చిన్న మెషీనుని గుడ్డసంచిలో సర్ది ఇచ్చాడు. పైన ఖాళీ రీళ్ల అట్టపెట్టె పెట్టి కప్పాడు. గేటు దగ్గర ఎవరైనా అడిగితే రిపేరుకని చెప్పమన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ తన గదిలోకి వెళ్లి, మేకుకి వేలాడుతున్న గడ్డి బ్రష్షులు రెండూ తీసి సంచిలో వేసుకుంది. "సముద్రం ఏదని అడిగితే చప్పుళ్లమ్మ ఇంటికి పట్టుకుపోయిందని చెప్పండి" అంది. పెద్దాయన వద్దనలేదు.

వీధి మొదట్లో దర్జీ ఆవిడ కుట్టుమిషను గుమ్మంలోకి లాక్కుని కూర్చుని ఉంది. దూరం నుంచే చూసి చెయ్యూపింది. "వదినా, నిన్న మీవాణ్ని విన్నాం! ఎంత చక్కగా మాట్లాడాడో. మీకు వాన, మాకు సముద్రం. మీవాణ్నే కాస్త ఎండలో వేసి ఉంటే బాగుండేది" అని నవ్వింది.

చప్పుళ్లమ్మ నవ్వడానికి ప్రయత్నించింది. నవ్వు రాలేదు. ఎదురుగా వెళ్లి, మిషను చక్రం మీదున్న ఆవిడ చేతిని పట్టుకుని, కాసేపు అలాగే నిలబడింది. "ఏంటి వదినా, చేతులింత చల్లగా ఉన్నాయి?" అని ఆవిడ అడిగింది. "సాయంత్రం వస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం" అని మాత్రం చెప్పి వచ్చేసింది. ఏం మాట్లాడుతుందో ఆవిడకే తెలియదు. ఆ సాయంత్రం సంగతి వచ్చే వారం చూద్దాం, ముందు ఇంటికెళ్దాం.

దారి పొడుగునా ముఖాన్ని సరిచేసుకుంటూనే ఉంది. కోడలికి తెలియకూడదు. వాడు అడిగింది అదొక్కటే. గుమ్మం ఎక్కేలోపు చెప్పాల్సిన అబద్ధాన్ని కూడా సిద్ధం చేసుకుంది: మెషీను రిపేరుకొచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నది దారిలో దుమ్ముకి.

కోడలు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. వానకోటు పూర్తయిపోయి వంకెకి వేలాడుతోంది. చేతులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. భోజనాల బల్ల మీది పువ్వులన్నీ ఇప్పుడు దాని వీపు మీదున్నాయి.

"బాగుందా అత్తయ్యా?"

"భేషుగ్గా ఉంది. దీన్ని తొడుక్కుంటే శత్రువులు నవ్వలేక లొంగిపోతారు" అంది చప్పుళ్లమ్మ. తన గొంతు మామూలుగానే పలికినందుకు లోలోపల సంతోషించింది. "సోమవారం పార్శిల్ చేద్దాం."

"చేద్దాం" అంది కోడలు. ఒళ్లో ఇంకో గుడ్డ ఉంది. తెలుపు, వెలిసిపోయింది. కత్తెరతో దాని చేతులు కత్తిరించింది. "ట్రంకుపెట్టెలో దొరికింది. ఆయన బడి చొక్కా. పుట్టబోయే వాళ్లకి అంగీ కుడదామని తీశాను. అత్తయ్యా, దీనికి మూడో బొత్తాం లేదు."

చప్పుళ్లమ్మ సంచిని నేల మీద పెట్టింది.

"పెళ్లికి ముందు ఒకసారి ఆయన నన్ను మీ స్టేషనుకి తీసుకొచ్చారు. మీకు గుర్తుందో లేదో. మీరు మైకు ముందు నిలబడి వాన చేస్తున్నారు. గాజు కిటికీకి ఇవతల నిలబడి విన్నాం. ఉండుండి టిక్కుమన్నప్పుడల్లా ఆయన నా చెవిలో, 'అదిగో, అది నేను' అన్నారు." కోడలు చొక్కా మీద దారం కొస మాత్రమే మిగిలిన చోటుని బొటనవేలితో నిమిరింది. "నిన్న నాలుగుసార్లు విన్నాను అత్తయ్యా."

చప్పుళ్లమ్మ వంకెకి వేలాడుతున్న కోటు వైపు తిరిగింది.

"మరి ఈ వానకోటు?" అంది.

"మీరు నమ్మేశారనుకున్నాను. గ్లాసు పట్టుకుని అలా ఉండిపోతే సంతోషం పట్టలేక అనుకున్నాను. నేను వానకోటు కుట్టకపోతే మీకెక్కడ అనుమానం వస్తుందోనని. మీకు రక్తపోటు కదా." దారం కొసని వేలికి చుట్టుకుంది. "రాత్రి మీరు గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు తెలిసింది. అప్పటికే ఒక చెయ్యి కుట్టేశాను."

చప్పుళ్లమ్మ వెళ్లి ఆ పిల్ల తలని తన పొట్టకి అదుముకుంది. ఒకరికి తెలియకూడదని ఒకరు, ఒకే ఇంట్లో, ఒకే చప్పుడు విని, ఒకరి కోసం ఒకరు అబద్ధం ఆడుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశారు. చప్పుళ్లమ్మకైతే గుండెల మీంచి సగం బరువు దిగినట్టయింది. నీ లెక్క తప్పిందిరా అబ్బాయ్, నీ పెళ్లాం నీకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది అని మనసులోనే కొడుకుతో అనుకుంది.

"ఇంకేమీ దాచనమ్మా నీ దగ్గర" అంది. పెద్దాయన చెప్పిందంతా, అట్టముక్కలతో సహా, చీటీలతో సహా చెప్పేసింది. దర్జీ ఆవిడ మాట దగ్గర ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. చివరికి సంచిలోంచి మెషీను తీసి, మైనపు గుడ్డ లేక బోసిగా ఉన్న బల్ల మీద పెట్టి, చిన్న రీలు ఎక్కించింది. కోడలు కుర్చీ దగ్గరికి లాక్కుంది. సూది ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

చప్పుళ్లమ్మ మీట నొక్కింది.

ముందు అదే ఉత్త గది. తలుపు మూసుకున్న చప్పుడు, పెద్దాయన బయటికెళ్లాడన్నమాట. తర్వాత అబ్బాయి, మైకుని జానెడు వెనక్కి జరిపి.

"అమ్మా. ఇది వింటున్నావంటే వానని పట్టేశావన్నమాట. నాకు తెలుసు నువ్వు పడతావని. నీకో మాట చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ముందు చుట్టూ చూడు. నువ్వొక్కదానివే ఉన్నావా? పక్కన తను ఉంటే మాత్రం ఇక్కడే ఆపెయ్. ఇది తను వినకూడదు."

చప్పుళ్లమ్మ చెయ్యి దానంతట అదే మీట మీదికి వెళ్లింది. దాని మీద కోడలి చెయ్యి పడింది. చల్లగా ఉంది, కానీ గట్టిగా ఉంది.

"ఆపకండి అత్తయ్యా."

రీలు తిరుగుతూనే ఉంది. అందులో అబ్బాయి, అమ్మ ఆపేస్తుందేమోనని కాసేపు ఆగి చూసి, ఆగలేదనుకుని, గొంతు సవరించుకున్నాడు.